లెక్క కుదరని రిపోర్టు

మేనమామ బ్యాంకు ఇన్‌స్పెక్షన్ విభాగంలో చేసి రిటైరయ్యారు. మేనకోడలు ఒక మెడికల్ కాలేజీలో పాథాలజీ చెబుతుంది. ఇద్దరి బతుకూ అంకెలతోనే, ఇద్దరికీ పేచీ వచ్చేదీ అంకెల దగ్గరే. కాకినాడలోని ఆ ఇంట్లో ఈసారి వాదన అత్తయ్య సీబీపీ రిపోర్టు మీద. మన ల్యాబుల్లో సీబీపీ అనేదాన్నే వేరేచోట్ల సీబీసీ అంటారు. పేరు ఏదైనా పరీక్ష ఒకటే. రిపోర్టు ఒక్క పేజీ. అందులో ఇరవై దాకా అంకెలు. వాటిలో ఆరేడింటిని ల్యాబువాళ్లు బోల్డు అక్షరాల్లో కొట్టారు.

"వ్యాపారం అమ్మాయ్ ఇదంతా," అన్నారు మామయ్య కళ్లజోడు సర్దుకుంటూ. "ఫుల్ బాడీ చెకప్ అని ప్యాకేజీలు పెడతారు, సగం ధరకే అంటారు. నవ్వుతూ వెళ్లిన మనిషి ఈ నల్ల అక్షరాలు పట్టుకుని ఏడుస్తూ ఇంటికొస్తుంది. మా నాన్నగారి రోజుల్లో డాక్టరు కింది కనురెప్ప లాగి, గోళ్లు చూసి రక్తం తక్కువో కాదో చెప్పేసేవారు. రూపాయి ఖర్చు లేదు."

"బాగా పడిపోయినవాళ్లని కనురెప్ప పట్టిస్తుంది మామయ్యా. ఐదు గ్రాములో ఆరో ఉన్నవాళ్లని నేనూ చూసి చెప్పగలను. పదిన్నర, పదకొండు ఉన్నవాళ్లు కనురెప్పకి దొరకరు. పైగా అత్తయ్య ప్యాకేజీకి వెళ్లలేదు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే మీరే తీసుకెళ్లారు."

అది నిజమే కాబట్టి ఆయన దారి మార్చారు. "సరే, ఇంతకీ ఈ హద్దులు ఎవరు గీశారు? 'నార్మల్' అని పక్కన వేసిన ఆ రెండు అంకెలకి అధికారం ఎక్కడిది?"

ఆరోగ్యంగా ఉన్నవాళ్లని తగినంతమందిని పోగుచేసి, రక్తం తీసి కొలిచి, కింది కొసన రెండున్నర శాతాన్నీ పై కొసన రెండున్నర శాతాన్నీ పక్కనబెట్టి, మధ్యలో మిగిలిన 95 శాతం ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉన్నారో దాన్ని హద్దుగా వేస్తారని ఆమె చెప్పింది. అంటే ఏ జబ్బూ లేనివాళ్లలోనే నూటికి ఐదుగురు హద్దు బయట ఉంటారన్నమాట. ఈ మాట వినగానే మామయ్య ఫోన్లో క్యాలిక్యులేటరు తీశారు. 0.95ని ఇరవైసార్లు హెచ్చవేస్తే 0.36 దగ్గర తేలింది.

"చూశావా! ఇరవై అంకెలున్న కాగితంలో, నిక్షేపంగా ఉన్న మనిషికి కూడా కనీసం ఒక్క నల్ల అక్షరం పడే అవకాశం 64 శాతం. నేనన్నది ఇదే కదా?"

"ఆ లెక్కలో ఒక్క లోపముంది. ఇరవై అంకెలూ వేటికవే విడిగా ఉంటేనే 64 వస్తుంది. సీబీపీలో సగం అంకెలు మిగతా సగం నుంచి లెక్కగట్టినవే. ఒకటి కదిలితే రెండు మూడు కదులుతాయి. కాబట్టి 64 రాదు. కానీ మరీ తక్కువా రాదు. అందుకే నేనెప్పుడూ నల్ల అక్షరాల్ని మాత్రమే చదవొద్దంటాను."

హీమోగ్లోబిన్ సంగతి కాస్త వేరు. దానికి ల్యాబు హద్దులతోపాటు ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత కూడా ఉంది: మగవాళ్లకు 13 గ్రాములు, ఆడవాళ్లకు 12, గర్భిణులకు మొదటి మూడు నెలల్లో 11. అంతకంటే తగ్గితే రక్తహీనత. అత్తయ్యకు 11.2 ఉంది. అంటే గీతకు కొద్దిగా కింద.

తరువాతి దాడి మెషీను మీద. మామయ్యకు మెషీన్లంటే నమ్మకమే కానీ, ఆడిట్ చేయని మెషీనంటే నమ్మకం లేదు.

చేతి నరం నుంచి తీసిన రెండు మిల్లీలీటర్ల రక్తం ఊదారంగు మూత ఉన్న చిన్న గొట్టంలోకి వెళుతుంది. గొట్టం లోపల ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. రక్తంలోని కాల్షియాన్ని అది పట్టేసుకోవడంతో రక్తం గడ్డకట్టదు. ఈ పరీక్షకు పరగడుపున ఉండాల్సిన పని లేదు. షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు కూడా కలిపి రాస్తారు కాబట్టి జనం పొద్దుటి కాఫీ కూడా మానుకుని ల్యాబుల ముందు బెంచీల మీద కూర్చుంటున్నారు, అంతే. తరవాతి పని సెల్ కౌంటరుది. అమెరికాలోని షికాగోలో వాలెస్ కౌల్టర్ అనే ఇంజినీరుకు తట్టిన ఊహ అది. 1953లో పేటెంటు వచ్చింది. ఉప్పునీళ్లలో పలచన చేసిన రక్తాన్ని అతి సన్నటి రంధ్రం గుండా పంపిస్తారు. రంధ్రం గుండా కరెంటు పారుతూ ఉంటుంది. ఒక్కో కణం దాటినప్పుడల్లా కరెంటుకు అడ్డు తగులుతుంది. ఎన్నిసార్లు అడ్డు తగిలితే అన్ని కణాలు. అడ్డు ఎంత పెద్దదైతే కణం అంత పెద్దది. అంతకుముందు గళ్లు గీసిన గాజుపలక మీద రక్తం పోసి మైక్రోస్కోపులో ఒక్కొక్కటీ కంటితో లెక్కపెట్టేవారు. వాళ్లు కొన్ని వందల కణాల దగ్గర ఆగేవారు. మెషీను అర నిమిషంలో వేలకు వేలు లెక్కపెడుతుంది.

"బాగానే ఉంది. తప్పు ఎక్కడ చేస్తుంది, అది చెప్పు," అన్నారు తనిఖీ అధికారి.

"సైజు దగ్గర. మెషీనుకు తెలిసింది సైజే. చిన్నది దాటితే ప్లేట్‌లెట్ అనుకుంటుంది, పెద్దది దాటితే ఎర్ర కణం అనుకుంటుంది. అత్తయ్య ప్లేట్‌లెట్లు చూడండి. 1,42,000 అని నల్లగా కొట్టారు. లక్షన్నర ఉండాలి కదా అని మీరు భయపడ్డారు. కాగితం అడుగున, సంతకం పైన, చిన్న అక్షరాల్లో ఒక వాక్యముంది, అది చదివారా?"

చదవలేదు. స్మియర్‌లో ప్లేట్‌లెట్లు అక్కడక్కడ గుంపులుగా కనిపించాయి, సంఖ్య సరిపడా ఉంది అని రాసుంది అక్కడ. వెయ్యిమందిలో ఒకరికి అటూ ఇటూగా ఈ ఈడీటీఏ పడదు. గొట్టంలోకి వెళ్లాక ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. గుంపు పెద్దదిగా ఉంటుంది కాబట్టి మెషీను దాన్ని ప్లేట్‌లెట్ల ఖాతాలో వేయదు. ఒంట్లో అన్నీ ఉన్నా కాగితం మీద తగ్గిపోతాయి. అనుమానం వస్తే నీలం మూత ఉన్న సిట్రేట్ గొట్టంలో మళ్లీ తీసి చూస్తారు. గాజుపలక మీద ఒక చుక్క పరిచి, రంగు వేసి, మనిషి కంటితో చూసి రాసిన ఆ ఒక్క వాక్యం విలువ చాలామందికి తెలియదు. రోగులే కాదు, తొందరలో ఉన్న డాక్టర్లు కూడా దాన్ని దాటేస్తారని మేనకోడలు ఒప్పుకుంది.

ప్లేట్‌లెట్ల పేరు రాగానే మామయ్యకు వానాకాలం గుర్తొచ్చింది. డెంగీ వచ్చిందంటే వీధి వీధంతా పూటకో కౌంటు చేయించుకోవడం, ఎనభై వేలట, యాభై వేలట అని ఫోన్లు చేసుకోవడం, దాతల కోసం పరుగులు. "ఆ భయానికి కారణం మీ కాగితమే," అన్నారాయన.

"కాగితం కాదు, కాగితంలో తప్పు గడి చూడటం. డెంగీలో ప్రాణం మీదికి తెచ్చేది ముఖ్యంగా రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారిపోవడం. నీళ్లు పోతే మిగిలిన రక్తం చిక్కబడుతుంది. అప్పుడు పెరిగే అంకె పీసీవీ, అంటే రక్తంలో ఎర్ర కణాల వాటా. మొదట 36 ఉన్న మనిషికి అది 43 దాటిందంటే ఐదోవంతు చిక్కబడినట్టు. జ్వరం దిగిపోయింది, గండం గడిచింది అని మీరనుకునే రోజుల్లోనే అది జరుగుతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, ఎక్కడైనా రక్తం కనిపించడం, ఇవీ చూడాలి. రక్తస్రావం లేనివాళ్లకు పదివేల లోపుకి పడితేనే ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించే ఆలోచన చేయమని మన దేశపు మార్గదర్శకాలే చెబుతున్నాయి. మీ వీధిలో పీసీవీ ఎంత అని ఎవరైనా ఫోన్ చేశారా?"

ఎవరూ చేయలేదు.

అయితే మామయ్య దగ్గర ఇంకో అస్త్రం ఉంది, అది పేపర్లో చదివింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతానికి రక్తహీనత. తెలంగాణలో 57.6. "సగం మందికి పైగా జబ్బుంటే అది జబ్బా, కొలతలో తప్పా?" అని నిలదీశారు. ఈ ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు, పోషకాహార శాస్త్రవేత్తలదీ. ఆ సర్వేలో వేలి కొస గుచ్చి చుక్క తీశారు. వేలు నొక్కితే కణజాలంలోని ద్రవం కూడా రక్తంతోపాటు వచ్చి పలచబడే ప్రమాదముంది. నరం నుంచి తీసిన రక్తాన్ని ఆటోమేటిక్ మెషీన్లో చూడటమే మేలని 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చేపట్టిన ఆహార సర్వేలో నరం రక్తం తీసే పద్ధతే ఎంచుకున్నారు. "అంకె కొంత తగ్గొచ్చు. అంతమాత్రాన మన ఆడవాళ్ల ఒంట్లో ఇనుము నిండిపోదు," అని మేనకోడలు ఆ చర్చ అక్కడికి ముగించింది.

ఈసినోఫిల్స్ దగ్గర మాత్రం ఆమెకు హుషారొచ్చింది. రిపోర్టులో అవి 7 శాతం, బోల్డు. తుమ్ములొస్తే చాలు "ఈస్నోఫిలియా ఉంది" అనుకునే అలవాటు మన ఇళ్లలో పాతదే. శాతం చూసి కంగారుపడొద్దని, దాన్ని మొత్తం తెల్ల కణాల సంఖ్యతో హెచ్చించి చూడమని ఆమె చెప్పింది. అత్తయ్యకు తెల్ల కణాలు 6,000. అందులో 7 శాతం అంటే 420. ఐదువందలు దాటితే ఆలోచిద్దాం. మూడువేలు దాటి, రాత్రిళ్లు పొడిదగ్గు, పిల్లికూతలు ఉంటే అప్పుడు గోదావరి జిల్లాల్లో డాక్టరుకు తట్టాల్సిన పేరు ఒకటుంది: ఫైలేరియా పురుగుకు ఊపిరితిత్తులు ఎదురుతిరగడం వల్ల వచ్చే జబ్బు. బోదకాలు చూసినవాళ్లకు ఆ పురుగు కొత్త కాదు.

"దానికి వాడే డీఈసీ మందు ఎవరి చలవో తెలుసా మామయ్యా? 1947లో అమెరికాలో లెడర్లే ల్యాబులో దాన్ని తయారుచేసిన బృందానికి పెద్ద యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టి రాజమండ్రిలో చదివిన మనిషి."

ఆ పేరు ఈ కాగితంలో ఇంకో రెండు గడుల దగ్గర కూడా వస్తుంది. ఎంసీవీ అంటే ఒక ఎర్ర కణం సగటు పరిమాణం. ఫెమ్టోలీటర్లలో 80 నుంచి 100 దాకా మామూలు. నూరు దాటితే బి12 గానీ ఫోలిక్ యాసిడ్ గానీ తక్కువేమోనని చూస్తారు. 1928లో బొంబాయి వచ్చిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బట్టలమిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో ఇలా కణాలు ఉబ్బిపోయిన రక్తహీనత చూసింది. కారణం ఏమిటో తేలకముందే, ఈస్ట్ సారమైన మార్మైట్ పెడితే కోలుకుంటున్నారని కనిపెట్టి 1931లో ప్రచురించింది. అందులో ఉన్నది ఫోలిక్ యాసిడ్ అని తరవాత తేలింది. దాన్ని ల్యాబులో తయారుచేసే పని 1945లో పూర్తిచేసింది సుబ్బారావు బృందమే. అదే బృందం ఫోలిక్ యాసిడ్‌కు వ్యతిరేకంగా పనిచేసే అమినోప్టెరిన్‌ను తయారుచేస్తే, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకీమియా పిల్లలకు ఇచ్చి చూశాడు. పదహారుమందిలో పదిమందికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గిందని 1948లో రాశాడు. ఆ పిల్లలు కోలుకుంటున్నారా లేదా అన్నది డాక్టర్లకు తెలిసింది కూడా రక్తకణాల లెక్కల నుంచే. సుబ్బారావు ఆ ఏడాదే చనిపోయారు. మన ల్యాబుల గోడల మీద ఆయన ఫొటో ఎక్కడా కనిపించదు, అది వేరే సంగతి.

"ఎంసీవీ సగటు అన్నావు," అని పట్టుకున్నారు మామయ్య. "సగటు ఎప్పుడూ మోసం చేస్తుంది. సగం పెద్దవి, సగం చిన్నవి ఉంటే మధ్యలో బ్రహ్మాండంగా తొంభై వస్తుంది."

"వస్తుంది. ఇనుమూ తక్కువై, బి12 కూడా తక్కువైనవాళ్లకి అచ్చం అలాగే వస్తుంది. అందుకే పక్కన ఆర్‌డీడబ్ల్యూ అని ఇంకో గడి. కణాల సైజుల్లో తేడా ఎంతుందో చెప్పేది అది. సగటు బాగుండి అది పదిహేడో పద్దెనిమిదో ఉంటే నాకు అనుమానం వస్తుంది."

మామయ్యకు ఇది నచ్చింది. ఒక గడిని ఇంకో గడితో సరిచూడటం ఆయన జీవితమంతా చేసిన పని. అయితే ఈ కాగితానికి క్రాస్ చెకింగ్ సూత్రం ఏమైనా ఉందా అని అడిగారు. ఉందంది ఆమె. ఎర్ర కణాల సంఖ్యను మిలియన్లలో తీసుకుని మూడుతో హెచ్చిస్తే దాదాపు హీమోగ్లోబిన్ రావాలి. హీమోగ్లోబిన్‌ను మూడుతో హెచ్చిస్తే దాదాపు పీసీవీ రావాలి. ల్యాబు టెక్నీషియన్లు నోటిలెక్కతో వేసుకునే తనిఖీ అది.

ఆయన పెన్ను తీశారు. ఎర్ర కణాలు 5.6. మూడుతో హెచ్చిస్తే 16.8. కాగితంలో హీమోగ్లోబిన్ 11.2.

"ఐదున్నర గ్రాముల తేడా! ఇది బ్యాంకయితే ఆ మేనేజరుని ఆ రోజే సస్పెండ్ చేయించేవాణ్ణి. మీ అత్తయ్య శాంపిల్ ఇంకొకరిదానితో మారిపోయింది. చించి పారేయ్."

మేనకోడలు చించలేదు. పాత రిపోర్టులు ఉన్నాయా అని అడిగింది. బ్యాంకులో పనిచేసిన మనిషి ఇంట్లో పాత కాగితాలు లేకుండా ఉంటాయా? ఫైలు వచ్చింది. ఆరేళ్లనాటి రిపోర్టులో హీమోగ్లోబిన్ 11, ఎర్ర కణాలు 5.5, ఎంసీవీ 65. ఇప్పుడు 11.2, 5.6, 64. మధ్యలో ఇంకో ల్యాబులో చేయించిన రిపోర్టు కూడా దాదాపు అంతే.

"శాంపిల్ మారితే ప్రతిసారీ ఒకేలా మారదు కదా మామయ్యా. మూడుతో హెచ్చించే సూత్రం కణాలు మామూలు సైజులో ఉంటేనే. ఇక్కడ కణం చాలా చిన్నది, 64. చిన్నదైనా సంఖ్య చూడండి, మీ వయసు మగవాళ్లలో కూడా చాలామందికి ఇన్ని ఉండవు. ఇనుము తక్కువైతే ఒంట్లో సరుకే లేదు కాబట్టి కణాలు చిన్నవీ అవుతాయి, సంఖ్యా తగ్గుతుంది. చిన్నవి అయి కూడా సంఖ్య పెరిగిందంటే, తయారీకి లోటు లేదు, పుట్టుకతో వచ్చిన నమూనాలోనే తేడా ఉంది. తలసీమియా ట్రెయిట్ అయ్యుంటుంది. 64ని 5.6తో భాగించండి."

11.4 వచ్చింది. మెంట్జర్ అనే డాక్టరు 1973లో చెప్పిన చిట్కా ఇది: ఎంసీవీని ఎర్ర కణాల సంఖ్యతో భాగిస్తే 13 కంటే తక్కువొస్తే తలసీమియా ట్రెయిట్ వైపు, ఎక్కువొస్తే ఇనుము లోపం వైపు మొగ్గు. ఇది నిర్ధారణ కాదని ఆమె రెండుసార్లు చెప్పింది. నిర్ధారణకు హీమోగ్లోబిన్‌లో ఒక రకమైన హెచ్‌బీ ఏ2 ఎంతుందో చూసే పరీక్ష కావాలి. అది మూడున్నర శాతం దాటితే ఖాయమైనట్టే. దాంతోపాటు ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ కూడా చూడాలి, ఎందుకంటే రెండు సమస్యలూ ఒకే మనిషిలో ఉండొచ్చు, ఇనుము బాగా తక్కువగా ఉంటే ఏ2 అంకె కూడా కిందికి దిగి కప్పిపెట్టొచ్చు.

మామయ్య కాసేపు ఫైలు తిరగేశారు. ప్రతి రిపోర్టు వెనకా ఒక మందుల చీటీ, ప్రతి చీటీలోనూ ఐరన్ మాత్రలు.

"ఆరేళ్లనుంచి మింగుతోందమ్మా. కడుపు మంట, మలబద్ధకం అని మొత్తుకుంటూనే మింగింది. అంకె కదల్లేదు. ముగ్గురు డాక్టర్లు చూశారు. ఇంతకీ వాళ్లు చూసిందేమిటి?"

"హీమోగ్లోబిన్."

"అదొక్కటే?"

"అదొక్కటే చూసుంటారు. పన్నెండు లేదు, ఐరన్ రాశారు. మన దగ్గర చాలామందికి ఇనుము లోపమే కాబట్టి ఆ మందు ఎక్కువమందికి పనిచేస్తుంది కూడా. పనిచేయనప్పుడు ఆగి పక్క గడి చూడాలి."

"ఇరవై అంకెలకి డబ్బు తీసుకుని ఒక్కటి చదివితే మిగతా పంతొమ్మిదీ దండగే కదా. మొదట్నుంచీ నేను మొత్తుకుంటున్నది ఇదే."

"ఆ పంతొమ్మిదీ కాగితం మీద ఉన్నాయి కాబట్టే ఇవాళ ఫైలు తీసి చూడగలిగాం. కనురెప్ప లాగి చూస్తే ఏం తెలిసేది?"

ఇద్దరూ పట్టు వదల్లేదు. నిజానికి ఇద్దరూ ఒకే తప్పును చెరో వైపు నుంచి పట్టుకున్నారు, ఆ సంగతి ఇద్దరికీ నచ్చలేదు.

ఈ వయసులో ట్రెయిట్ అని తెలిసి ఒరిగేదేమిటన్నది మామయ్య చివరి అభ్యంతరం. అత్తయ్యకు పెద్దగా ఏమీ లేదంది మేనకోడలు. అది జబ్బు కాదు, అవసరం లేని మాత్రలు తప్పుతాయి. తెలియాల్సింది అమెరికాలో ఉన్న కూతురికి. తల్లికి ట్రెయిట్ ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. కూతురికి ఉన్నా భయం లేదు, అల్లుడికి లేకపోతే. ఇద్దరికీ ఉంటేనే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశంతో, జీవితాంతం రక్తం ఎక్కించుకోవాల్సిన తలసీమియా మేజర్ బిడ్డ పుట్టొచ్చు. అక్కడ ఏ చెకప్‌లోనో ఇద్దరికీ ఇదే పరీక్ష అయ్యుంటుంది. ఎంసీవీ ఎంతో అడిగి తెలుసుకుంటే సగం పని అయిపోతుంది. 80 కంటే తక్కువుంటే తరవాతి పరీక్ష.

"మరి ఆయాసం?" అన్నారు మామయ్య హఠాత్తుగా. "మనం వెళ్లింది దానికోసం కదా."

మేనకోడలు ఒక్క క్షణం కాగితం వైపు చూసింది. "దానికి ఇందులో జవాబు లేదు. ఆరేళ్లుగా పదకొండే ఉన్న మనిషికి ఆ పదకొండు వల్ల ఈ నెలలో కొత్తగా ఆయాసం రాదు. గుండె చూపించాలి. ఈసీజీ, ఎకో, థైరాయిడ్."

"అడిగినదానికి జవాబు లేదు, అడగనిదానికి ఉంది. పైగా ఇంకో మూడు పరీక్షలు!"

"ఐదు. ఏ2, ఫెరిటిన్ మర్చిపోయారు."

మామయ్య ఫైలు వెనక అట్ట మీద జాబితా రాసుకున్నారు. ఈసీజీ, ఎకో రేపు పొద్దున్నే. థైరాయిడ్, ఫెరిటిన్ ఒకే గుచ్చుతో అయిపోవాలి. హెచ్‌బీ ఏ2 జన్మలో ఒక్కసారి చాలు కదా అని మళ్లీ అడిగి, అవునంటే దాని పక్కన గీత గీశారు. ఐరన్ మాత్రల డబ్బా తీసి చెత్తబుట్టలో వేయబోతుంటే మేనకోడలు ఆపింది.

"ఫెరిటిన్ వచ్చేదాకా ఉండనివ్వండి మామయ్యా. అది తక్కువుంటే అవే మాత్రలు మళ్లీ రాయాల్సింది నేనే."